నెవ్ పాతిన రైలు పట్టా

మా కొండ ఊరు వారిగల్ గ్యాప్‌లో మంచు ఎంత పడిందని ఎవరు ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వచ్చేది: "నెవ్ పట్టాని అడుగు."

పట్టా అంటే రైలు పట్టా. కింది బయలులో, స్కీలు కట్టుకున్నవాళ్ళని వాలు పైకి లాగే తాడు లిఫ్టు ఇంజను షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో నిలువుగా పాతి ఉండేది. దాని మీద రంపం బ్లేడుతో కోసిన కొలగీతలు. ప్రతి శీతాకాలం మంచు ఎక్కడిదాకా లేచిందో అక్కడొక గాటు, గాటు పక్కన ఉలితో కొట్టిన సంవత్సరం. మొత్తం నలభై మూడు గాట్లు. అన్నీ నెవ్ ట్రజెన్ చేత్తో కోసినవే.

నెవ్ పద్నాలుగో ఏట బడి మానేసి రంపపు మిల్లులో చేరాడు. వెల్డింగు చూసి నేర్చుకున్నాడు, ఇంజన్లు విప్పి నేర్చుకున్నాడు. లిఫ్టు తాడు తెగితే రెండు కొసల పురులూ విప్పి, ముడి ఎక్కడుందో చేతికి తగలకుండా అల్లడం ఈ కొండల్లో ఆయన తర్వాతే ఎవరైనా. నాకు ఆ పని నేర్పింది ఆయనే. నేర్పడానికి మూడు శీతాకాలాలు తీసుకున్నాడు. ఆ మూడేళ్ళూ నన్ను "మొద్దూ" అని పిలిచాడు. నేర్చుకున్నాక కూడా మానలేదు.

ఊరి స్కీ క్లబ్బుకి తాడు లిఫ్టు కట్టింది ఆయనా, ఆయన భార్య లోర్నా. పాత ట్రాక్టరు ఇంజను, లారీ చక్రాలు, పడవల తాడు. లోర్నా షెడ్డులో కూర్చుని ఇంజను నడిపేది. పిల్లలు జారి పడితే ఎవరూ అరవక ముందే ఆపేసేది. ఆమె పోయి పదకొండేళ్ళయింది. ఆమె కూర్చున్న పాల క్యాను ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద నెవ్ ఇంకెవర్నీ కూర్చోనివ్వడు.

పట్టా పాతింది 1980 మొదటి నెలల్లో. కర్ర గుంజ పాతుదామని లోర్నా అంటే నెవ్ వద్దన్నాడట. చలికి నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా కర్రని వేలెడు పైకి నెట్టేస్తుంది, కొలత పోతుంది. అందుకని రెండు గుర్రాలు ఈడ్చేంత బరువున్న ఇనుము తెచ్చి దించాడు. నేలమట్టం దగ్గర చుట్టూ ఒక గాడి కోసి ఎర్ర రంగు పూశాడు. అది సున్నా. అక్కడి నుంచి పైకి కొలత.

తొంభై ఆరులో నగరం నుంచి ఒక నిపుణుడు వచ్చి హాల్లో తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. భూమి వేడెక్కుతోంది, 2020 నాటికి ఈ కొండ మీద స్కీ చేసేంత మంచు ఉండదు అన్నాడు. నెవ్ వింటూ కూర్చుని, ఇంటికెళ్ళి వర్క్‌షాపు గోడ మీద సుద్దతో 2020 అని రాశాడు. ఇరవై నాలుగేళ్ళు దాన్ని చెరపలేదు. ఆ ఏడు జులైలో, అంటే మా వైపు నడి చలికాలంలో, మంచు నడుం లోతు పడితే, అంకె పక్కన పెద్ద టిక్కు పెట్టి మా అందరికీ బీరు పోయించాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి, ఆగస్టు మొదటి వారంలో, నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసింది. స్నో గమ్ చెట్ల కొమ్మలు వంగి నేలకి తగిలాయి. ఐదో రోజు నెవ్ నడుముకి తాడు కట్టుకుని పట్టా దాకా వెళ్ళాడు. చలికి మూతి బిగిసిపోయి పబ్బులోకి వచ్చాడు.

"రెండు మీటర్ల పన్నెండు," అన్నాడు. "పట్టా పుట్టాక ఇంత లేదు."

పబ్బు నడిపే డెస్ గ్లాసు తుడుస్తూ, "అయితే భూమి వేడెక్కడం మానేసిందా?" అన్నాడు.

"నాకు తెలీదు. నేను చదువుకున్నవాణ్ణి కాదు. పట్టా చదువుకుంది, దాన్నడుగు."

అందరం నవ్వాం. మూల బల్ల దగ్గర బ్రాన్ ఫిట్జ్ మాత్రం నవ్వలేదు. బ్రాన్ బడి బస్సు నడుపుతుంది, క్లబ్బు కార్యదర్శి కూడా. "ముసలోడా, మంచు ఎంత ఎత్తు పడిందో నీ పట్టా చెప్తుంది. ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పదు," అంది. "నేను లిఫ్టు నడిచిన రోజులు రాసుకుంటున్నాను. పదిహేనేళ్ళ కింద అరవై ఒకటి. పోయినేడు ఇరవై నాలుగు."

"నీ పుస్తకంలో తగ్గిన రోజుల్లో సగం ఇంజను చెడిపోయినవి, పిల్లా."

"కొన్ని అవే. అన్నీ కావు."

గొడవ ఇంజను గురించే. అది ఇక పనికిరాదు. కింది బయలులోనే కొత్త ఇంజను పెట్టాలా, లేక లిఫ్టు మొత్తం పీకి పై వాలు మీదికి మార్చాలా అన్నది నవంబరులో క్లబ్బు తేల్చాలి. పైకి మారిస్తే మంచు ఎక్కువ నాళ్ళు ఉంటుంది గానీ, కింది బయలులో నెవ్, లోర్నా కట్టిన షెడ్డు, చక్రాలు, అన్నీ పోతాయి. ఊరు చాలావరకు నెవ్ పక్షమే. కారణం ప్రేమ కాదు, పట్టా. నలభై మూడేళ్ళుగా మంచు తగ్గలేదని ఇనుము చెబుతుంటే, బస్సు నడిపే ఆవిడ నోటుపుస్తకం ఎవరు వింటారు?

నవంబరుకి మంచంతా కరిగింది. సమావేశం శనివారం. గురువారం పొద్దున నెవ్ పట్టాకి కొత్త రంగు వేద్దామని వెళ్ళాడు. సమావేశం ముందు అందర్నీ అక్కడికి నడిపించి, గాట్లు చూపించాలని ఆయన ఆలోచన. గంట తర్వాత నాకు ఫోను చేశాడు.

"ఒరేయ్ మొద్దూ, పార పట్టుకురా."

"ఎందుకు?"

"నేను పొడుగయ్యాను."

వెళ్ళేసరికి ఎర్ర రంగు డబ్బా నేల మీద, కుంచె దాని మీద ఎండిపోతూ ఉంది. నెవ్ పట్టాకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండు మీటర్ల గీత సరిగ్గా ఆయన కళ్ళ ముందు ఉంది.

"ఈ గీత కోసినప్పుడు క్యాను ఎక్కాను," అన్నాడు. "లోర్నా కాళ్ళు పట్టుకుంది, పడిపోతానని. గీత నా తలకన్నా పైన ఉండేది. డెబ్భై రెండేళ్ళ వయసులో మనిషి పెరుగుతాడా?"

ఏటా మంచు మీద నిలబడి గాటు కోసేవాడే గానీ, మంచు లేనప్పుడు దాని పక్కన నిలబడాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు. మొదట్లో వేసిన రంగు తర్వాత మళ్ళీ రంగు వేద్దామని రావడం ఇదే.

తవ్వాను. మొదటి పార దెబ్బకే నీళ్ళు ఊరాయి. ఆ చోటంతా నాచు నేల. పైన గడ్డి దుబ్బుగా పెరిగి మొదలు కప్పేసింది. మోచేతిదాకా చెయ్యి దూర్చి వెతికితే గాడి తగిలింది. బురద తుడిస్తే ఇంకా ఎర్రగానే ఉంది. నెవ్ టేపు పెట్టి చూశాడు. నేలకి నలభై ఒక్క సెంటీమీటర్ల కింద ఉంది సున్నా.

కర్ర అయితే చలికి పైకి లేస్తుందని ఇనుము తెచ్చాడు. ఇనుము తన బరువుకి తానే దిగిపోతుందని అనుకోలేదు.

"రెండు పన్నెండు కాదు," అన్నాడు. "ఒకటి డెబ్భై ఒకటి."

"మిగతావి కూడా సరిచేసుకోవచ్చుగా?"

"ఎలా? ఏ ఏడు ఎంత దిగిందో నీకు తెలుసా? వానల ఏడు ఎక్కువ దిగి ఉంటుంది. ఎండల ఏడు తక్కువ. ఇన్నిట్లో మొదటి గాటు ఒక్కటే నిజం."

నేను గుంట వైపు చూశాను. నీళ్ళు అప్పుడే గాడిని కప్పేస్తున్నాయి. షెడ్డు వైపు కూడా చూశాను. అప్పుడు అన్న మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. "నెవ్, పూడ్చేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కోప్పడలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు తాడు అల్లావనుకో. పైకి బాగానే ఉంది, లోపల ఒక పురి వదులుగా ఉందని నీకు తెలుసు. పిల్లల్ని ఎక్కిస్తావా?"

"లేదు."

"అయితే ట్రాక్టరు తే."

శనివారం మధ్యాహ్నం హాల్లో డెబ్భై మంది దాకా ఉన్నారు. మీట్ పైలు తినడం, టీ తాగడం అయ్యాయి. బ్రాన్ లేచి తన పుస్తకం తెరిచింది. అప్పటికే వెనక వరసల్లో గుసగుసలు. "మళ్ళీ రోజుల లెక్కా?" అన్నాడెవడో.

నెవ్, నేను, ఇంకో నలుగురం పట్టాని మోసుకొచ్చి హాలు మధ్యలో పడుకోబెట్టాం. ఎర్ర గాడికి నలభై ఒక్క సెంటీమీటర్లు పైదాకా నల్లటి బురద మరక. నెవ్ దాన్ని కడగలేదు, మమ్మల్ని కడగనివ్వలేదు.

"ఈ మరక పైకొస నేల," అన్నాడు. "ఈ గాడి నేను సున్నా అనుకున్నది. ఈ రెంటి మధ్య ఉన్నదంతా నేను మీకు మంచని చెప్పిన బురద."

డెస్ ముందుకొచ్చి వంగి, మరకని వేలితో రాసి చూశాడు.

"అంటే ఆ తెర బొమ్మలాయన నిజమే చెప్పాడా?"

"ఆయన చెప్పిన ఏడు తప్పు. ఆ ఏడు నువ్వు నా బీరు తాగావు. నా కొలత కూడా తప్పు." నెవ్ బ్రాన్ వైపు తిరిగాడు. "ఈ గదిలో సరిగ్గా లెక్క రాసింది ఈ పిల్ల ఒక్కత్తే. నేనైతే ఆమె మాట వింటాను. కానివ్వు, బ్రాన్. మొదటి నుంచీ చదువు. ఇంజను చెడిన రోజులు విడిగా చెప్పు."

చదివింది. ఇంజను చెడిన రోజులు పదిహేనేళ్ళలో ముప్పై ఎనిమిది. వాటిని నడిచిన రోజుల్లో కలిపినా లెక్క కిందికే దిగుతూ వచ్చింది. చేతులెత్తమంటే, పైకి మార్చాలన్నవే ఎక్కువ. వాటిలో నెవ్ చెయ్యి కూడా ఉంది. అందరికన్నా ఆలస్యంగా లేచింది, అందరికన్నా ఆలస్యంగా దిగింది.

ఆ వేసవంతా పాత లిఫ్టు విప్పాం. విప్పడం వేరేవాళ్ళకి ఇవ్వనన్నాడు. ప్రతి మేకూ తీసి డబ్బాలో వేశాడు. షెడ్డు చివరి పలక తీసిన రోజు, పాల క్యాను తానే భుజాన పెట్టుకుని పై వాలు దాకా నడిచాడు. రెండుసార్లు ఆగాడు. నేను పట్టుకుంటానంటే వద్దన్నాడు. కొత్త షెడ్డులో ఇంజను పక్కన దాన్ని పెట్టాక, బ్రాన్ దాని చుట్టూ తిరిగి వెళ్ళింది. "ఎందుకు చుట్టి పోతావు? కూర్చో," అన్నాడు. "ఇక ఇంజను నడిపేది నువ్వేగా."

పట్టాని మళ్ళీ నిలబెట్టాం. ఈసారి బండరాయిలో నాలుగు రంధ్రాలు తొలిచి బోల్టులతో బిగించాం. పాత గాట్లు ఎవరికీ కనబడకుండా కొండ వైపు తిప్పాడు. ఖాళీ వైపు కొత్త గీతలు కోశాడు. వర్క్‌షాపు గోడ మీద 2020, దాని పక్కన టిక్కు అలాగే ఉన్నాయి. వాటి కింద సుద్దతో 41 అని రాసి ఉంది.

కొత్త నియమం ఒకటి పెట్టాడు. ఏటా మే నెలలో, మొదటి మంచుకి ముందు, సున్నా సరిగా ఉందో లేదో నెవ్ కాని వాళ్ళెవరైనా చూడాలి. మొదటి ఏడు బ్రాన్ చూసింది. చలిగాలిలో బండ మీద మోకాళ్ళూని, టేపు రెండుసార్లు పెట్టింది. నెవ్ దూరంగా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అని అరిచాడు.

"సున్నా సున్నాలోనే ఉంది, ముసలోడా. ఇక మంచు పడనీ."