వీరబ్రహ్మం ఊదితే వెలిగిన మోడెం

మా వీరబ్రహ్మం అన్న ఉఫ్ అని ఊదితే ఆకాశంలో శాటిలైటు కిందికి దిగొచ్చి "ఏం కావాలి సార్?" అని అడుగుతుంది. బహ్లాలో ఏ తెలుగువాణ్ణైనా అడగండి, ఇదే చెబుతాడు. వాళ్లందరికీ చెప్పింది నేనే.

అన్నది మైదుకూరు. ఇక్కడ ఈ గల్ఫు ఊళ్లో ఏసీ మెకానిక్కు. మా రూములో కంప్యూటర్ తెలిసినవాళ్లం ఇద్దరమే, అన్నా నేనూ. ఇంటర్ మధ్యలో మానేశాను గానీ, లేకుంటే కంప్యూటర్ నేనే కనిపెట్టేవాణ్ణి.

ఆ శుక్రవారం నాలుగింటికి మా సైట్ మేస్త్రీ పెంచలయ్యకు ఆన్‌లైన్లో సేఫ్టీ పరీక్ష. పాసైతే ఫోర్‌మన్. తప్పితే మళ్లీ ఎండలో ఇటుకలే. ఆ పరీక్ష ఫోన్లో తెరుచుకోదు. రూములో ఉన్నదల్లా అన్న పాత లాప్‌టాప్. అందులో విండోస్ బదులు లినక్సు, పైగా వైఫై ఎప్పుడో చచ్చింది, మా సిమ్ములేమో ఫోన్ నెట్‌ను లాప్‌టాప్‌కు పంచనివ్వవు. అందుకని పెంచలయ్య ఎవరినో బతిమాలి, లాప్‌టాప్‌కు గుచ్చితే నెట్ ఇచ్చే డాంగిల్ మోడెం తెచ్చాడు.

గుచ్చితే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. మోడెం జాడే లేదు.

"అన్నా, మనోడికి పాటల సీడీ అంటగట్టినారు."

"నోర్మూసుకోరా. దీన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం లేదు."

ఫోన్లో డ్రైవర్ దింపి, కేబులుతో ఎక్కించాడు. ఎర్రర్. ఇంకోటి ఎక్కించాడు. అదీ ఎర్రరే. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న పెంచలయ్యకు చెమటలు.

"బ్రమ్మం, టైమైపోతాండాది."

"నావల్ల గాదు పెంచలన్నా. ఎవురిది వాళ్లకిచ్చేసిరా."

డాంగిల్ పీకబోతూ అన్న, ముందుగా తెర మీద సీడీ బొమ్మ పక్కన ఎజెక్ట్ నొక్కాడు. మైదుకూరు డీటీపీ సెంటర్లో పడిన అలవాటు. అక్కడ అది నొక్కకుండా పెన్‌డ్రైవ్ పీకితే ఓనరు వీపు విమానం మోత మోగించేవాడట. అప్పుడే నేను కరక్ చాయ్ తెచ్చాను. అన్న గ్లాసందుకుని ఉఫ్ అని ఊదాడో లేదో, డాంగిల్ మీద నీలం లైటు! తెర మూల సిగ్నల్ గీతలు!

ఆ డాంగిల్ గుణమే అంత. విండోస్ సాఫ్ట్‌వేర్ మోసుకొచ్చిన సీడీలా ముందు నటిస్తుంది. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తేనే మోడెం అవుతుంది. దానికి కావలసిన డ్రైవర్ లినక్సులో ముందునుంచీ ఉంది. ఇదంతా నాకు తెలుసు, అన్నను పరీక్షిద్దామని ఊరుకున్నాను.

పెంచలయ్య పాసయ్యాడు. ఇప్పుడు ఫోర్‌మన్ తెల్ల హెల్మెట్ పెట్టుకుని అందరికన్నా ముందు నన్నే తిడుతున్నాడు. నేను మాత్రం అన్న ఊదుడికి బహ్లా కోట మీద పావురాలన్నీ లేచిపోయాయని ఊరంతా చెప్పాను. నిన్న ఒకాయన చచ్చిన మిక్సీ పట్టుకుని రూముకొచ్చి ఊదమన్నాడు.

అన్న నావైపొక చూపు చూసి, ఆయనతో అన్నాడు:

"నేనూదింది చాయ్‌ని. పీకేద్దామని ఎజెక్ట్ నొక్కినా, పీకడం మర్చిపోయినా. అంతేనప్పా."