గూని కొబ్బరిచెట్టు ఎక్కడ ఉండేది?

పైడయ్యకు సముద్రం అడుగున సొంత ఇల్లుందని జ్యోత్స్నకు నాలుగో ఏటినుంచే తెలుసు. మూడు గదుల ఇల్లట. ముందుగదిలో పీతలు అద్దెకుంటాయట. పెరట్లో ఎర్రటి గులివింద చేపలు కోడిపిల్లల్లా తిరుగుతుంటాయట. తాత తెప్ప మీంచి గేలం దించి "ఎవర్రా ఇంట్లో?" అని అడిగితే, వాటిలో పెద్దది ముందుకొచ్చి మర్యాదగా కొరుకుతుందట. ఇవన్నీ చెప్పేటప్పుడు పైడయ్య ముఖంలో నవ్వు వెతికినా దొరకదు. టెక్కలి కాన్వెంటులో 'మా తాతగారి ఇల్లు' అని వ్యాసం రాయమంటే జ్యోత్స్న రెండిళ్ళ గురించీ రాసింది. టీచరు రెండో ఇంటి పక్కన ఎర్రసిరాతో పేద్ద ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ ప్రశ్నార్థకాన్ని వెంటపెట్టుకునే 1999 క్రిస్మస్ సెలవులకు జ్యోత్స్న సముద్రం ఒడ్డున తాతగారి పేటకు వచ్చింది. వయసు పదేళ్ళు. వెంట ఆరేళ్ళ తమ్ముడు శశాంక్. వాళ్ళ నాన్న ధర్మారావు పేటలోనే పుట్టి, చదువుకుని, టెక్కలిలో గుమస్తా అయ్యాడు. పిల్లల్ని పలాసలో బస్సు మార్పించి, హరిపురంలో ఆటో ఎక్కించి, అత్తారింట్లో దింపి, సెలవు లేదంటూ అదే ఆటోలో వెనక్కి పోయాడు.

అక్టోబరు తుఫాను పోయి రెండు నెలలైనా ఉద్దానం ఇంకా లేచి నిలబడలేదు. జీడిమామిళ్ళు వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ పడున్నాయి. కొబ్బరితోటలు పళ్ళూడిన దువ్వెనల్లా ఉన్నాయి. శశాంక్ ఆటోలోంచి పడిపోయిన చెట్లు లెక్కపెట్టాడు. వాడికి వంద వరకే వచ్చు కాబట్టి తొంభై తొమ్మిది దగ్గర భయపడి ఆపేశాడు.

పైడయ్య అరుగు మీద కూర్చుని చిరుగు లేని వలను బాగుచేస్తున్నాడు. మనవలను చూసి "వచ్చారా" అన్నాడు. అంతే. పీతల కబురు లేదు, అద్దె కబురు లేదు.

"తాతా, సముద్రంలో మీ ఇల్లు తుఫానుకి పడిపోయిందా?" అన్నాడు శశాంక్.

"ఇల్లు పడిపోనేదురా. దారి పోనాది."

జ్యోత్స్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇల్లంటే కథ అనుకుంది. కథలో ఇంటికి దారెందుకు పోతుంది?

వంటింట్లో అమ్మమ్మ వరహాలమ్మ అసలు సంగతి చెప్పింది. తుఫాను తర్వాత తాత పదిసార్లు వేటకెళ్ళాడు. పదిసార్లూ బుట్ట వెళ్ళినట్టే వచ్చింది. ఒకటో తారీకునుంచి ఢిల్లీరావు మోటారు బోటులో కూలికి వస్తానని ఒప్పుకున్నాడు. "అరవై రెండేళ్ళొచ్చాయి. ఒకడి తెప్ప ఎక్కినోడు కాదు మీ తాత. నిన్నగాక మొన్న మీసాలొచ్చిన గుంటడు 'ఒరే పైడీ, తాడు లాగు' అంటే లాగాల" అంది. తర్వాత పొయ్యిలోని కట్టెను కోపంగా లోపలికి తోసింది. ఒకటో తారీకు ఇంకా ఆరు రోజులుంది.

మర్నాడు పొద్దున్న పైడయ్య మనవరాలిని పక్కకు పిలిచాడు.

"ఒలే గుంటా, కూర్మయ్య తోటలో గూని కొబ్బరిసెట్టొకటి ఉండీది. తుఫానుకి పడిపోనాది. అది సరిగ్గా ఎక్కడుండీదో కనుక్కునిరా. నాను అడగమన్నానని మాత్రం సెప్పకు."

"ఎందుకు తాతా?"

"ఎందుకని అడగనోళ్ళకే ఈ పని."

అయితే ఈ పనికి జ్యోత్స్న తగదు. అయినా వెళ్ళింది.

కూర్మయ్య తోట ఒడ్డుకు ఆనుకునే ఉంటుంది. పడిన చెట్లన్నీ తీయించేసి, గోతులు పూడ్పించి, ఇసుక చదును చేయించి, కొత్త మొక్కలు నాటిస్తున్నాడు. పక్కతోట సన్యాసయ్యది. మధ్యలో కంచె ఉండాలి గానీ తుఫాను దాన్ని ఒడిశాకో ఎక్కడికో పట్టుకుపోయింది.

"గూని సెట్టా?" కూర్మయ్య తలపాగా సర్దుకున్నాడు. "అది నాదెందుకవుతాదే? సన్యాసయ్యది. అదిగో, ఆ పశువులసాలకి అవతల ఉండీది."

పశువులసాల అంటే ఒక కూలిన కప్పు, నాలుగు గుంజలు. గూని చెట్టు పడింది దాని మీదే.

సన్యాసయ్య గడ్డిమోపు కింద పడేసి పరుగున వచ్చాడు. "నాదా? ముప్పై ఏళ్ళబట్టి కాయలు కోసుకుంది ఎవుడు మావా? కాసినన్నాళ్ళూ నీది, నా సాల మీద పడ్డాక నాదయ్యిందా? సూడమ్మా, అదిగో, వాడి మొక్కలున్న మూల ఉండీది."

"అబద్ధం! మీ తాతనడుగు. పండక్కీ పండక్కీ సేప తెచ్చిచ్చి, 'బావా, ఆ సెట్టు మాత్రం కొట్టీకు' అనీవోడు. ఎందుకో ఈనాటికీ తెలీదు" అన్నాడు కూర్మయ్య.

"చెట్టు మీది కాకపోతే కొట్టొద్దని మిమ్మల్నెందుకు అడిగాడు?" అంది జ్యోత్స్న.

సన్యాసయ్య పకపకా నవ్వాడు. కూర్మయ్య ఆ పిల్లను ఎగాదిగా చూసి, "టెక్కలి కాన్వెంటులో ఇదేనా నేర్పడం?" అన్నాడు.

ఇద్దరూ చూపించిన చోట్ల మధ్య దూరం జ్యోత్స్న అడుగులతో కొలిచింది. డెబ్బై అడుగులు. కాళ్ళు లేకపోయినా చెట్టు ఒకరి మాటకు ఇటూ ఒకరి మాటకు అటూ నడుస్తోంది.

ఇంటికొచ్చి, "డెబ్బై అడుగుల తేడా ఉంది. ఎందుకో చెబితే మిగతాది కనిపెడతాను. చెప్పకపోతే లేదు" అంది.

పైడయ్య కాలుతున్న బీడీని నేలకేసి నొక్కి ఆర్పాడు. తర్వాత పిల్లలిద్దర్నీ ఒడ్డుకు తీసుకెళ్ళి, బోర్లించిన తెప్ప నీడలో కూర్చోబెట్టాడు.

సముద్రం మీద రోడ్లుండవు. ఊరి పేరు రాసిన బోర్డులుండవు. అందుకని వేటకెళ్ళినవాడు నీళ్ళను కాదు, ఒడ్డును చూడాలి. ఒడ్డు మీద రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా తెప్ప నిలబెడితే అదొక దారి. ఇంకోవైపు మరో రెండు వస్తువులు అలా కలిస్తే అది రెండో దారి. రెండు దారులూ కలిసిన చోట, నీళ్ళ అడుగున, రెండు నులకమంచాలంత రాతిగుట్ట ఉంది. చేపలుండేది దాని చుట్టూనే. పైడయ్య తండ్రి కనిపెట్టాడు. ఆ తర్వాత పైడయ్యకు తప్ప మరొకరికి తెలియదు.

"అదే మీ ఇల్లా!" అంది జ్యోత్స్న.

"అదే. ఒక దారి బారువ లైట్‌హౌసుకేసి. అది బాగానే ఉన్నాది. రెండోదానికి ఎనకాల మహేంద్రగిరి నెత్తిమీది నొక్కు, ముందర గూని సెట్టు. కొండుంది, సెట్టు నేదు. వీధి తెలుసు, ఇంటి నంబరు తెలీదు. ఎంతని ఎతుకుతాను?"

"అంత పెద్ద చెట్టు ఎక్కడుండేదో నీకు తెలీదా?"

పైడయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. "సముద్రం మీంచయితే సూపిత్తాను. ఒడ్డుమీంచి దాన్నెప్పుడూ సూడనేదు. ఇక్కడికొచ్చాక నాకు అన్ని సెట్లూ ఒకనాగే ఉంటాయి. గుట్ట దొరికితే సెట్టు సెప్పగలను. సెట్టు దొరికితే గుట్ట సెప్పగలను. రెండూ పోతే ఏటి సెప్పను?"

"అమ్మమ్మను అడిగావా?"

"హుష్! మీ అమ్మమ్మకి తెలీదు. మా అయ్య నా సేత ఒట్టేయించాడు. ఆడోళ్ళకి సెప్తే నుయ్యికాడ ఊరంతా పాకిపోద్దని."

"నేనూ ఆడపిల్లనే కదా?"

"నువ్వు టెక్కలి దానివి. నుయ్యికి రావు."

గూని చెట్టుకు బదులుగా నిలబెట్టడానికి, తుఫానుకు కొట్టుకొచ్చిన పొడవాటి వెదురుగెడ ఒకటి ఒడ్డున దొరికింది. దానికి కట్టడానికి దూరంనుంచి కనిపించే గుడ్డ కావాలి. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో సింహాచలం యాత్రకు కట్టిన ఎర్రచీర ఉంది. అది బయటికి ఎలా వచ్చిందో శశాంక్ ఎవరికీ చెప్పలేదు. వాడి చొక్కా మాత్రం ఆ పూట బాగా లావుగా ఉంది.

మొదటిరోజు మంచు విడి కొండ కనబడగానే కూర్మయ్య చూపించిన చోట గెడ ఎత్తారు. గాలికి గెడ అటూ ఇటూ ఊగింది. శశాంక్ దాన్ని పట్టుకున్నాడో, అదే వాణ్ణి పట్టుకుందో చెప్పడం కష్టం. ఒక మేక వచ్చి చీర కొంగు నమలసాగితే జ్యోత్స్న కాలితో ఇసుక చిమ్మి తరిమింది. దూరాన తాత తెప్ప ఆవగింజంత కనిపించింది. గుట్ట దొరికితే తెడ్డు నిలువుగా ఎత్తుతానన్నాడు. మధ్యాహ్నం దాకా చూశారు. ఎత్తలేదు.

రెండోరోజు సన్యాసయ్య చూపించిన చోట. ఆ రోజూ అంతే. తాడుకు రాయి కట్టి దించితే అడుగున మెత్తటి ఇసుకే తగిలిందని తాత చెప్పాడు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద, "ఒగ్గీయండమ్మా. ఢిల్లీరావు మంచోడే" అన్నాడు. అంత నెమ్మదిగా మాట్లాడటం జ్యోత్స్న ఎప్పుడూ వినలేదు. తాత అబద్ధాలు చెప్పినా బాగుండుననిపించింది.

"రేపొక్క రోజు వెళ్ళు తాతా. ఇద్దరూ అటూ ఇటూ జరిపేశారు కాబట్టి సరిగ్గా మధ్యలో ఉండాలి. ముప్పై అయిదో అడుగులో" అంది. లెక్కల్లో దానికి ఎప్పుడూ మంచి మార్కులే.

మూడోరోజు ముప్పై అయిదో అడుగు దగ్గర గెడ నిలబెట్టి చీర ముడి వేస్తుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"ఏటి సేత్తన్నారే నా సీరని?"

వరహాలమ్మ. నడుం మీద చెయ్యి. శశాంక్ గెడ వదిలేసి అక్క వెనక దాక్కున్నాడు. జ్యోత్స్న నోరు తెరిచింది. తాత ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"గూని చెట్టు ఎక్కడుండేదో వెతుకుతున్నాం అమ్మమ్మా. ఎందుకో చెప్పకూడదు."

వరహాలమ్మ చీర చూసింది. గెడ చూసింది. సముద్రం మీద ఆవగింజను చూసింది.

"ఇక్కడ కాదు" అంది. గెడ తన చేతిలోకి తీసుకుని నేరుగా నడిచింది, ఆగకుండా, వెతక్కుండా, చీకట్లో సొంత గుమ్మం దాటినట్టు. జ్యోత్స్న పక్కన లెక్కపెట్టుకుంటూ పోయింది. పన్నెండు అడుగుల అవతల వరహాలమ్మ ఆగి, కాలి బొటనవేలితో ఇసుక గీకింది. బెత్తెడు లోతున తాళ్ళలాంటి పాత కొబ్బరివేళ్ళు గుత్తులు గుత్తులుగా బయటపడ్డాయి.

"నీకెలా తెలుసు?"

"తెలకేటి? పెళ్ళయినప్పట్నుంచి ఆ సెట్టుకే వీపానించి నిల్చున్నాను. గూనిది కదా, కుర్చీనాగుండీది. ఆ తెప్ప ముక్కు కెరటాల మీద కనబడితే గానీ ఇంటికెళ్ళి బియ్యం పొయ్యిమీద ఎయ్యను."

"తాతకి తెలుసా?"

"తెలిస్తే ఆగుతాడా? 'నా మీద ఎంత బెంగో దీనికి' అని పేటంతా సాటించుకుంటాడు. అతనొచ్చీసరికి నాను ఇంటికాడుంటాను."

కొంచెం దూరంలో కూర్మయ్యా సన్యాసయ్యా ఒకరి తోటకేసి ఒకరు వేలు చూపిస్తూ ఒకేసారి అరిచారు. "నీ తోటలోనా నా తోటలోనా అని ఆ వేళ్ళనడగండి" అని వరహాలమ్మ వాళ్ళకేసి తిరగకుండానే జవాబిచ్చింది. గెడ ఎత్తింది. పిల్లల చేతుల్లో ఊగినట్టు ఊగలేదది. ఎర్రచీర గాలికి విప్పారింది.

ఆవగింజ కదిలింది. కొంచెం ఉత్తరానికి. ఆగింది. మళ్ళీ కొంచెం వెనక్కి. శశాంక్ ఊపిరి బిగబట్టి, పట్టలేక వదిలి, మళ్ళీ బిగబట్టాడు. జ్యోత్స్న కళ్ళు నీళ్ళు కారేదాకా రెప్ప వేయలేదు. అప్పుడు ఆవగింజ మీద సన్నటి గీత ఒకటి నిలువుగా లేచింది.

"తెడ్డు!" అని పిల్లలిద్దరూ కేకపెట్టారు. వరహాలమ్మ గెడ దించలేదు. ఆ గీత మళ్ళీ పడుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ రోజు పైడయ్య ఒడ్డుకు వచ్చేసరికి బుట్టలో గులివిందలు ఎర్రగా మెరుస్తున్నాయి. పిల్లలు బుట్ట మీద పడ్డారు. అతను మాత్రం బుట్ట వంక చూడలేదు. గెడతో ఒడ్డున నిలబడిన భార్యను చూశాడు.

"నువ్వా?"

"నానే."

"ఎలా తెలిసింది?"

"ఎన్నాళ్ళబట్టో అక్కడే నిల్చుంటన్నాను. ఎందుకని మాత్రం అడక్కు." వరహాలమ్మ చీర ముడి విప్పి, మేక నమిలిన కొంగు చూసి ముఖం చిట్లించింది. "ఈ గుంటలు సెలవులైపోతే ఎల్లిపోతారు. రేపట్నుంచి గెడ ఎవుడెత్తుతాడు? పాతి ఉంచితే ఊరంతా గురుతు పట్టెయ్యదా?"

పైడయ్య తల గోక్కున్నాడు. నలభై ఏళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన మాటకు ఇప్పుడు బయటికి దారి తెలియలేదు. జ్యోత్స్న తాతనే చూస్తోంది. మహేంద్రగిరి సంగతి తనకు తెలుసు గానీ, లైట్‌హౌసు వైపు ఏం కలవాలో తనకూ చెప్పలేదు.

చివరికి పైడయ్య తడి ఇసుక మీద గొంతుక్కూర్చున్నాడు. తెడ్డు అంచుతో కొండ గీశాడు. కొండ నెత్తిన నొక్కు, దాని కింద గూని చెట్టు. ఇంకోపక్క లైట్‌హౌసు, అది ఏ ఇసుకదిబ్బ వెనకనుంచి తొంగిచూడాలో ఆ దిబ్బ. రెండువైపుల నుంచీ రెండు పొడవాటి గీతలు లాగి, కలిసిన చోట చుక్క పెట్టాడు.

వరహాలమ్మ నడుం వంచి, అటునుంచీ ఇటునుంచీ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "దీనికా ఒట్లూ గిట్లూ?"

అంతలో తోటవైపు నుంచి కూర్మయ్యా సన్యాసయ్యా, చెట్టు నీదంటే నీదనుకుంటూ, ఎర్రచీర సంగతేమిటో తెలుసుకుందామని గబగబా వస్తున్నారు. పైడయ్య ఇంకా లేవనేలేదు. వరహాలమ్మ వాళ్ళకేసి నవ్వు ముఖం పెట్టి, "రా అన్నయ్యా, గులివిందలు సూద్దువుగాని" అని పిలుస్తూ, కొండనూ చెట్టునూ లైట్‌హౌసునూ అరికాలితో తుడిచేసింది.