గదిలో ఎంతమంది

ఢిల్లీ సాకేత్ నుంచి మా సార్ కూతురు ఫోన్ చేసి, "అంకుల్, పాపా నహీ రహే" అంది, నాన్న ఇక లేరని. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు.

ఆయన మా గుర్గావ్ ఆఫీసులో పెద్ద ఇంజినీరు. ఎండాకాలం ఆఫీసుకి వస్తూనే చెయ్యి తిప్పి కిటికీ అద్దానికి ఆనించేవారు, పిల్లల ఒళ్లు చూసినట్టు. జ్వరం ఎంతుంది సార్ అని మేం ఆటపట్టించేవాళ్లం. నిలువెత్తు అద్దాలు పెట్టి ఎండని పిలుస్తాం, మళ్లీ ఏసీ పెట్టి గెంటుతాం, మనకంటే తెలివితక్కువవాళ్లు ఉంటారా అనేవారు.

రిటైరయ్యే ముందు వేసవికి, పోరగా పోరగా ఒక అనుమతి దొరికింది. పడమటి వైపు పక్కపక్క గదులు రెండు. ఒకదానికి మామూలు అద్దం, రెండోదానికి సోలార్ బిళ్లలు పొదిగిన అద్దం. అది ఎండని కొంత ఆపుతుంది, కాస్త కరెంటు కూడా ఇస్తుంది. గదికో మీటరు. ఆదా కనిపిస్తే కట్టబోయే కొత్త భవనానికంతా అవే కిటికీలు. రోజూ రిజిస్టరు రాసే పని నాది. అందులో చివరి గడి: గదిలో ఎంతమంది.

మే నెల వచ్చేసరికి, చల్లగా ఉందని ఆఫీసంతా కంప్యూటర్లతో సహా సోలార్ గదిలోకి చేరింది. మొదట కుర్చీ జరుపుకున్నది నేనే. అంతమంది ఉంటే ఏసీకి ఊపిరాడుతుందా? మీటరు పరుగెత్తింది. అందర్నీ పంపించేద్దాం సార్ అన్నాను, నేను మాత్రం లేవకుండా.

"నీడలో కూచున్నవాణ్ణి ఎండలోకి పొమ్మని ఎలా అంటావయ్యా? ఎంతమందున్నారో రాస్తూ ఉండు, లెక్కలో సర్దుకుందాం" అన్నారు.

నేను రాయలేదు. నన్ను కూడా కలిపి రాయడానికి మొదట మొహమాటం, తర్వాత బద్ధకం. పైవాళ్లు మీటర్లు మాత్రమే చూసి ఆదా ఏమీ లేదని తేల్చారు. వారంలో ఆ అద్దం ఊడదీశారు.

ఆయన రిజిస్టరు తెరిచి, ఖాళీ గడుల మీద వేలు కిందిదాకా జరుపుకుంటూ వెళ్లారు. "పోన్లే. వేసవంతా చల్లగా కూచున్నారుగా" అన్నారు. తిట్టినా బాగుండేది. తర్వాత ఎన్నిసార్లు కలిసినా క్షమించమని అడగలేకపోయాను. ఇక అడగడానికి మనిషి లేరు.

ఇది ఆ కొత్త భవనంలోనే కూర్చుని రాస్తున్నాను. చుట్టూ మామూలు అద్దాలే. మిట్టమధ్యాహ్నం పరదాలు దించి, ట్యూబులైట్లు వేసుకుని, ఏసీ హోరులో ఉన్నాను. ఇందాక పరదా తొలగించి, చెయ్యి తిప్పి అద్దానికి ఆనించాను. చురుక్కుమంది.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.