తప్పు బటన్ నొక్కిన వెండెల్

వెండెల్ స్ట్రూబ్‌కి ఒక్కటే జబ్బు. ఎవరు ఏ పని చేస్తున్నా ఆపి, కళ్లజోడు మీంచి చూసి, "మీ ఇష్టంతోనేనా?" అని అడుగుతాడు. అతను నోటరీ. సంతకం పెట్టేవాళ్లని ఆ మాట అడగడం అతని ధర్మమే. కానీ పైక్స్ ల్యాండింగ్ లాంటి ఊళ్లో సంతకాలు పెట్టేవాళ్లు వారానికి నలుగురుంటే గొప్ప. మిగతా రోజుల్లో ఆ ప్రశ్న నోట్లో ఊరికే కూర్చోదు కదా!

ఓసారి మార్వెల్లా హోటల్లో మెకానిక్ డ్యూయీ ఉల్లిపాయలేసిన లివరు తెప్పించుకున్నాడు. పక్క బల్ల నుంచి వెండెల్ వంగి, "డ్యూయీ, ఇది నీ ఇష్టంతోనేనా, మీ ఆవిడ తినమందా?" అన్నాడు. డ్యూయీ ఫోర్కు కిందపెట్టి ఆలోచనలో పడ్డాడు. ఆ లివరు చివరికి హోటలు వెనక కుక్క తింది.

ట్రూడీ పెళ్లిలో మరీ ఘోరం. పాస్టరు అడగాల్సిందంతా అడిగాక, మూడో బెంచీలోంచి "ఇష్టంతోనేనా బాబూ?" అని వినపడింది. పెళ్లికొడుకు ఉలిక్కిపడి ఆగాడు. ఆగింది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాలకి ట్రూడీ తల్లి రెండేళ్లు వెండెల్‌తో మాట్లాడలేదు.

పోనీ, ఇంత అడిగినవాడు పనైనా తిన్నగా చేస్తాడా అంటే అదీ లేదు. ఇంకు ఎండిపోతుంది. ముద్ర ఇంట్లో మర్చిపోతాడు. ఆఖరి పేజీ కారు పైకప్పు మీద పెట్టి బయల్దేరతాడు. "ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి ఒక్క పిల్లని పోగొట్టలేదు. కాగితం ముక్కని మాత్రం నిలబెట్టుకోలేడు" అంటుంది హోటలు నడిపే మార్వెల్లా.

అలాంటివాడి చేతికి కంప్యూటరొచ్చింది. ఇప్పుడు నోటరీ ఎదుటికి వెళ్లక్కర్లేదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, తెరలో మొహం చూపించి సంతకం పెట్టొచ్చు. డెబ్బై ఒకటో ఏట వెండెల్ ఆ విద్య కూడా నేర్చాడు. పైన కోటు, బాతుల బొమ్మల టై, కింద పైజమా. పైజమా సంగతి ఊరికెలా తెలిసిందంటే, మొదటి రోజే పెన్ను పడిపోయి లేచి నిలబడ్డాడు. అదంతా రికార్డవుతుంది, పదేళ్లు దాస్తారు కూడా.

ఒపల్ గ్రైమ్స్‌ది సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. ఆమెకి 'సరే' తప్ప ఇంకో మాట రాదు. పెళ్లయిన నలభై ఏళ్లూ ఆ ఇంట్లో 'వద్దు' అనే పని ఎమ్మెట్ చూసుకునేవాడు. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా అతనే వెళ్లేవాడు, అతనే పంపేసేవాడు, ఈలోగా ఒపల్ కూర కలుపుకునేది. మార్చిలో ఎమ్మెట్ పోయాడు. ఆ మాట కూడా అతనితోపాటే పాతిపెట్టేశారేమో, ఇల్లంతా వెతికినా దొరకలేదు.

అక్టోబరు వచ్చేసరికి ఆమె ఇంట్లో మూడు వాక్యూమ్ క్లీనర్లున్నాయి. తివాచీ ఒక్కటే. చేపలు పట్టేవాళ్ల పత్రికలు రెండొస్తున్నాయి. చర్చి ఆడవాళ్లు అడిగారని నీళ్లలో కసరత్తులకి చేరింది. ఈత రాదు. ఎవరో ఊరొదిలి పోతూ ఇచ్చిన ఒంటికన్ను చిలక ఒకటి, రోజంతా ఆమెని తిడుతూ ఉంటుంది. అది కూడా ఆమె 'సరే' అన్నదే.

అలాంటి మనిషి దగ్గరికి మరిది గార్లండ్ వచ్చాడు. గార్లండ్ చెడ్డవాడు కాదు. అన్న పోయిన దగ్గర్నించీ వదినకి పొయ్యిలోకి కట్టెలు కొట్టి తెచ్చేది అతనే. కాకపోతే ఆలోచనలెక్కువ. లోగడ ఎరల కోసం వానపాములు పెంచితే అవన్నీ వాన పడ్డ రోజు వెళ్లిపోయాయి. ఈసారి ఆలోచన గోల్ఫు. నది ఒడ్డున పిల్లలాడుకునే చిన్న గోల్ఫు మైదానం, మధ్యలో గాలిమర, ఒక ప్లాస్టిక్ తిమింగలం.

"స్థలం చౌకగా వస్తోంది వదినా."

"అది ప్రతి మార్చిలోనూ మునుగుతుంది కదయ్యా?"

"అందుకే చౌక! నీ ఇల్లు తనఖా పెడితే చాలు. ఎమ్మెట్ అప్పంతా తీర్చేసే పోయాడుగా."

ఒపల్ సరే అంది. అలా ఒప్పుకున్న రాత్రి నుంచీ ఆమెకి నిద్ర లేదు. ఆమెకి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, కానీ నది ఎటు పారుతుందో తెలుసు. ఆ ఇల్లు పోతే చిలకనీ, మూడు క్లీనర్లనీ పట్టుకుని ఎక్కడికి పోతుంది?

"భయమెందుకు? సంతకం పెట్టాక కూడా మూడు రోజుల్లో వద్దనుకునే హక్కుంటుంది. రాసే ఉంటుంది అందులో" అన్నాడు గార్లండ్.

మూడు రోజుల్లో వద్దనగలిగే మనిషైతే మూడు క్లీనర్లు ఎందుకుంటాయి అనుకుంది ఒపల్. పైకి సరే అంది.

"వెండెల్‌ని మాత్రం పిలవద్దు. వాడొచ్చాడంటే అడిగి అడిగి పని చెడగొడతాడు. కంప్యూటర్లో కానిద్దాం, ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లొస్తారు."

గురువారం పది గంటలకి వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచారు. ముందు అది ఒపల్‌ని ఐదు ప్రశ్నలడిగింది. ఆమె ఆమేనా అని తేల్చుకోవడానికట. రెండు నిమిషాల గడువు. పాత వీధి పేరు చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది. మూడోది, ఇరవై ఏళ్ల కిందట మీ ఇంట్లో ఉన్న బండి ఏది అని. నాలుగు పేర్లలో ఎమ్మెట్ నీలం ట్రక్కు ఉంది. ఒపల్ ఆ పేరు చూస్తూ ఉండిపోయింది. గడువు అయిపోయింది. తన బతుకు మీద పెట్టిన పరీక్షలో తనే తప్పింది! రెండోసారి ఇంకో ఐదు ప్రశ్నలిచ్చారు. వాటిలో ట్రక్కు లేదు కాబట్టి గట్టెక్కింది.

అప్పుడు తెర వెలిగింది. బాతుల టై.

"అయ్యో దేవుడా!" అన్నాడు గార్లండ్, కెమెరాకి ఆనకుండా సామాన్ల గదిలోకి దూరుతూ.

"శ్రీమతి గ్రైమ్స్ గారూ, నమస్కారం. మీ కార్డు రెండు వైపులా చూపించండి" అన్నాడు వెండెల్.

"నేను ఒపల్‌ని వెండెల్. మొన్న ఆదివారం నేను చేసిన ఆపిల్ కేకు రెండు ముక్కలు తిన్నావు."

"తిన్నది ఒప్పుకుంటాను. కార్డు చూపించండి."

చూపించింది.

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా? కంప్యూటర్ ఓసారి చుట్టూ తిప్పండి."

తిప్పింది. పొయ్యి, కిటికీ, చిలక. సామాన్ల గది తలుపు కింద ఒక బూటు.

"ఆ బూటు పేరేమిటండీ?"

గార్లండ్ పిండి దులుపుకుంటూ బయటికొచ్చాడు. "నేను ఊరికే ఉన్నాను వెండెల్. ఆవిడకిష్టమే. కానియ్."

"ఇల్లు నీ పేర ఉందా?"

"లేదు."

"మరి ఇష్టం నీ నోట్లో ఎలా ఉంది? పెరట్లోకి నడు. కిటికీలోంచి నాకు కనపడేట్టు నిలబడు. తలుపు మూసెయ్."

బయట సన్నగా వాన పడుతోంది. గార్లండ్ నెత్తిన బకెట్ బోర్లించుకుని గులాబీ మొక్క పక్కన నిలబడ్డాడు. దూరం నుంచి అచ్చం అతను కట్టబోయే గోల్ఫు బొమ్మలా ఉన్నాడు.

"శ్రీమతి గ్రైమ్స్ గారూ, నూట నలభై పేజీలున్నాయి. ఏ పేజీ ఏమిటో చెప్తాను. మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి, నోటరీ సలహా చెప్పకూడదు. ఇదంతా రికార్డవుతోంది. ఇల్లు తాకట్టు పెట్టి ఈ అప్పు తీసుకుంటున్నది మీ ఇష్టంతోనేనా?"

"సరే" అంది ఒపల్.

"సరే అనేది జవాబు కాదండీ. ఇష్టమేనా?"

"గార్లండ్ పాపం కట్టెలు కొట్టి తెస్తాడు."

"కట్టెల సంగతి నా దగ్గర ఏ పేజీలోనూ లేదు. ఇష్టమేనా?"

ఒపల్ తెర వైపు చూసింది. ఎమ్మెట్ పోయాక ఏడు నెలల్లో అందరూ ఆమెని చాలా అడిగారు. తిన్నావా, పడుకున్నావా, కొంటావా, చేరతావా, ఇస్తావా. ఈ ఒక్కటి ఎవరూ అడగలేదు. అడిగినవాడికి తొందర ఉన్నట్టు కూడా లేదు. చేతులు కట్టుకుని, టై సర్దుకుని, బస్సెక్కని పిల్లకోసం ఆగిన డ్రైవరులా కూర్చున్నాడు.

"లేదు" అంది ఒపల్. ఎక్కిళ్లు వచ్చినట్టు వచ్చింది ఆ మాట. వెంటనే నోరు మూసుకుని, "ఇప్పుడు వాడికి ఏ మొహంతో చెప్పను?" అంది.

"చెప్పమని నేనడగలేదండీ. సెలవు" అన్నాడు వెండెల్. తెర ఆరిపోయింది.

గార్లండ్ బకెట్‌తో సహా లోపలికొచ్చేసరికి అతని ఫోను మోగుతోంది.

"గార్లండ్, నన్ను తిట్టు. తప్పు బటన్ నొక్కాను. మొత్తం పోయింది."

"మొత్తమా!"

"నూట నలభై పేజీలూ. మళ్లీ కావాలంటే మొదట్నించీ దరఖాస్తు పెట్టుకోవాలట. అదీ ఒపలే అడగాలట. నీతో అప్పిచ్చేవాళ్లు మాట్లాడరట."

గార్లండ్ తిట్టిన తిట్లకి చిలక కూడా కాసేపు నోరు మూసుకుని నేర్చుకుంది. ఒపల్ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. "పోనీలే గార్లండ్, ముసలాడు" అంది. తన పిరికితనం తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి మీద నింద పడేసి తను కాఫీ కాచుకుంది!

వారం తర్వాత గార్లండ్ కట్టెలతోపాటు కొత్త దరఖాస్తు పట్టుకొచ్చాడు.

"వద్దు గార్లండ్" అంది ఒపల్. ఒకసారి అన్నాక రెండోసారికి నాలుక అంత బరువుగా లేదు.

"వద్దా? ఎందుకు?"

"నది వస్తుంది."

గార్లండ్ కట్టెలు దింపి, చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. "నిజమే వదినా. వస్తుంది" అన్నాడు. కాస్త ముభావంగా వెళ్లాడు గానీ కట్టెలు వెనక్కి తీసుకుపోలేదు.

ఆ ధైర్యంతో ఒపల్ ఆ శనివారం మార్వెల్లా హోటలుకి బయల్దేరింది. వెండెల్ మీద నింద తుడిచేద్దామని. లోపల గార్లండ్ అప్పటికే బటన్ కథ చెప్తున్నాడు. అందరూ పగలబడుతున్నారు. ఒపల్ గొంతు సవరించుకుని, "ఇదిగో, మీకో నిజం..." అనేలోపు వెండెల్ తన బల్ల దగ్గర్నించి లేచొచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని కోట్లు తగిలించే మూలకి లాక్కెళ్లాడు.

"ఏం చేస్తున్నావు తల్లీ?"

"నిజం చెప్తాను. నువ్వే తప్పూ చెయ్యలేదని."

"అప్పిచ్చే కంపెనీకి నిజమే రాశాను, ఆవిడకిష్టం లేదని. గార్లండ్‌కి చెప్పిందొక్కటే అబద్ధం. దాని మీద ముద్ర వెయ్యలేదుగా! నా పొట్ట కొట్టకు. నేను పనిమంతుణ్ణని ఊరికి తెలిస్తే, రేపు ఇంకొకరెవరో ఇష్టం లేదన్నప్పుడు ఆ తప్పు ఎవడి నెత్తిన పెట్టను?"

ఒపల్ నోరు తెరిచింది. "రేపు ఇంకొకరా? అంటే ఇదివరకు..."

"నోటరీ చెప్పకూడదు" అన్నాడు వెండెల్, పైకప్పు వైపు చూస్తూ.

ఒపల్ వెనక్కి తిరిగి హోటలంతా చూసింది. అందరికంటే గట్టిగా వెక్కిరిస్తున్నది మార్వెల్లా. "బటన్ కనపడక కాదర్రా, వేలు కనపడక!" అంటోంది. అంటూనే, వెండెల్ లేచి వచ్చిన బల్ల దగ్గరికెళ్లి, కాఫీ చల్లారిందేమోనని కప్పు ముట్టుకుని చూసి, పారబోసి, వేడిది పోసింది. డ్యూయీ కడుపు పట్టుకుని నవ్వుతూనే, వానలో తడుస్తున్న వెండెల్ కారు అద్దం ఎత్తి రావడానికి లేచాడు.

ఒపల్‌కి అర్థమైంది. వీళ్లలోనూ ఎప్పుడో అతని 'తప్పు' చాటున గట్టెక్కినవాళ్లున్నారు, ఈ వెక్కిరింతే వాళ్లు తీర్చుకునే బాకీ. కోటు విప్పి తగిలించి, నడుం మీద చేతులు పెట్టుకుని గది మధ్యలోకి వచ్చింది.

"మీకేం తెలుసర్రా, చూసింది నేను! ఒక్క వేలు కాదు, రెండు చేతులూ పెట్టి నొక్కాడు. ఇంత చేతకాని మనిషిని నా బతుకులో చూడలేదు!"

హోటలు దద్దరిల్లింది. గార్లండ్ బల్ల గుద్దుతూ నవ్వాడు. మూలన కోట్ల మధ్య నిలబడ్డ వెండెల్ మాత్రం, సన్మానం చేసి శాలువా కప్పుతుంటే వినయంగా తల వంచినవాడిలా, టై సర్దుకున్నాడు.