నేను మింగిన వజ్రం

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏందో తెలీదు. అంటే ధైర్యస్తుణ్ణని కాదు, భయపడేంత బుర్ర ఇంకా మొలవలేదని. ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల అయ్యవారు "రేపట్నుంచి నువ్వు రాకున్నా నాకేం బాధ లేదప్పా" అని నవ్వుతా అన్నాడు. పెద్దల మాట తీసేసే రకం కాదు కదా నేను, మర్నాటినుంచి పోలేదు. పందొమ్మిదేండ్లు వచ్చేసరికి ఆదోనిలో ఆటోలకి కట్టే మైకుల్లో నా గొంతే. పాత బిందెలు కొంటాం అన్నా, టమాటాలు వచ్చినాయి అన్నా, దుప్పట్లు సగం ధరకే అన్నా, ఊరంతా తిరిగేది నా అరుపే. అందుకే అందరూ నన్ను మైకు అని పిలిచేవాళ్లు (మా అమ్మ కూడా. పేరు పెట్టిన మనిషే మర్చిపోతే ఇంక ఎవరికి చెప్పుకునేది). ఫోన్లలో డేటా ఊరికే వచ్చే కాలం అప్పుడే మొదలైంది. గొంతు నాది, ఫోను నాది, నోటికి తాళం లేదు. ఇట్లాంటోడి చేతికి మా చిన్నమ్మ తన వ్యాపారం ప్రచారం అప్పజెప్పింది. ఆమెకి నా మీద అంత నమ్మకం ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

చిన్నమ్మా వాళ్లది పెద్దకడుబూరు దగ్గర చిన్న పల్లె, ఆ వానాకాలం నా మకాం కూడా ఆడనే. మూడెకరాల చేను, అందులో వేరుశనగ (మా వైపు బుడ్డలంటాం). చిన్నాయన పండిస్తాడు, చిన్నమ్మ వాటిని వేయించి, బెల్లం పాకం పట్టి, బుడ్డల ఉండలు చుట్టి ఎమ్మిగనూరు సంతలో అమ్ముతుంది. రుచికి వంక పెట్టేదానికి లేదు. అయినా సంతలో జనాలు మెరిసే కవర్లలో వచ్చే ఉండల వైపే పోయేవాళ్లు. అప్పుడే రైతుల సరుకు అమ్మిపెట్టే సంఘం నుంచి ఒక మేడం వచ్చి, ఆడోళ్లందరినీ కూర్చోబెట్టి, డబ్బాలెట్లా కట్టాల, పేరు ఎట్లా అంటించాల అని నేర్పించింది. చివర్లో ఆమె ఒక మాట అనింది. "సరుక్కి ఒక కథ ఉండాలమ్మా. మీ బుడ్డలు ఎక్కడివి, ఎవరు పండించారు, ఆ కథ చెప్పండి. కొనేవాళ్లు కథను కొంటారు." నేను వెనకాల గోడకి ఆనుకుని ఉచితంగా ఉండలు తింటాండా. కథ అనే మాట చెవిన పడగానే నమలడం ఆపేసినా.

చిన్నాయన సంగతి కూడా చెప్పాల. ఆయన దినానికి పది మాటలు మాట్లాడితే ఆ దినం ఎక్కువ మాట్లాడినట్టు. నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. నాకున్న ఒక్క భయం అదే. కొట్టే మనిషైతే ఎంత కొడతాడో తెలిసిపోతుంది. ఈయన గడ్డం గోక్కుంటా ఒకసారి చూస్తాడు, అంతే. ఆ చూపులో ఏముందో తెలీక మూడు దినాలు అన్నం సయించేది కాదు నాకు. ఆ ఏడు ఆయన విత్తనం బుడ్డలు జొన్నగిరి వైపు బంధువుల నుంచి తెప్పించినాడు. తొలకరి పడగానే విత్తినాడు. పది దినాలకి మూడెకరాల్లో సాళ్లు సాళ్లుగా మొలకలు లేచినాయి. చిన్నాయన పొద్దున్నే గట్టుమీద నిలబడి వాటిని చూస్తాండె. ఆ పూట మాత్రం ఆ ముఖం చూస్తే భయం వేసేది కాదు.

జొన్నగిరి అనే మాటే నా కొంప ముంచింది. మా జిల్లాలో పుట్టినోళ్లకి చెప్పాల్సిన పని లేదు. తొలివాన పడితే ఆ వైపు చేలల్లో వజ్రాలు బయటపడతాయని జనం చద్ది కట్టుకుని పోతారు, పొద్దుగూకులు వంగి నేల వెతుకుతారు. నేను ఆలోచించినా. విత్తనం జొన్నగిరిది, కథ దొరికినట్టే. చిన్నమ్మ మంత్రాలయం పోయినప్పుడు తెచ్చిన కలకండ (పటికబెల్లం) డబ్బా ఉంటే, అందులో నుంచి బాగా పలకలు తేలిన ముక్క ఒకటి తీసినా. తలకి టవాలు చుట్టి, నల్లద్దాలు పెట్టి, పెద్ద రైతు లెక్క గట్టుమీద నిలబడి వీడియో తీసుకున్నా. "చూడండప్పా! జొన్నగిరి విత్తనం మూటలో ఏం దొరికిందో చూడండి! వజ్రాలు పండే నేల బుడ్డలివి. మా ఉండ కొరికేటప్పుడు జాగ్రత్త, పన్నుకి ఏం తగుల్తుందో మీ అదృష్టం!" కలకండని ఎండకి తిప్పితే కళ్లు చెదిరిపోయినాయి. నా వెనకాల మా ఊరి పేరు రాసిన రాయి కూడా చక్కగా పడింది. (అది పడాలనే ఆడ నిలబడినా. నా తెలివి.) నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపించి, ముక్కని జేబులో వేసుకుని మర్చిపోయినా.

మూడో దినం ఇంకో వాన పడింది. ఆ పొద్దున చిన్నమ్మ ఎమ్మిగనూరు సంతకి పోయింది. చిన్నాయన గుంటక పలుగు కమ్మరి దగ్గర సాగగొట్టించేదానికి ఆదోనికి పోతా, "కాకులు మొలకలు పీకుతాండాయి. మద్దేనానికి వస్తా. చూసుకో" అన్నాడు. అయిదారు మాటలు ఒకేసారి! అంత ముఖ్యమైన పని అన్నమాట. ఇంటికి తాళం వేసి, తాళంచెవి తనే తీసుకునిపోయినాడు (నా చేతిలో ఉంటే ఉండల డబ్బా ఖాళీ అవుతుందని చిన్నమ్మ కట్టడి). నేను చేని గట్టున కూర్చుని కాకుల కోసం రాళ్లు ఏరుకుంటాండా. కాకులు రాలేదు. ఇద్దరు మనుషులు వచ్చినారు. నన్ను పలకరించకుండా చేనులోకి దిగి, తలలు వంచి సాళ్ల వెంబడి నడవడం మొదలుపెట్టినారు.

"ఏమన్నా, ఏమన్నా పోగొట్టుకుంటిరా?" అన్నా.

"గమ్మునుండప్పా. నువ్వూ దిగి ఏరుకో, ఎవురూ వద్దనరు," అన్నాడు ఒకడు తలెత్తకుండా.

ఇంతలో రోడ్డుమీద ఒక ఆటో ఆగింది. దాంట్లో నుంచి దిగేవాళ్లు దిగుతానే ఉన్నారు. వెనకాల ఇంకొకటి. టిఫిను గిన్నెలు, నీళ్ల బాటిళ్లు, ఒకాయన చేతిలో భూతద్దం. భూతద్దమాయన నాకు విషయం వివరించినాడు, పాపం, ఓపిగ్గా. "విత్తనం జొన్నగిరిది. మూటలోనే రాయి దొరికింది. మూటలో ఒకటి దొరికిందంటే విత్తనంతో పాటు ఎన్ని కలిసి భూమిలోకి పోయింటాయి? ఆలోచించు. ఇదిగో, చూడు," అని ఫోను నా ముఖం ముందు పెట్టినాడు. టవాలు, నల్లద్దాలు, ఎండకి మెరిసే కలకండ. నా గొంతు నాకే వినిపించింది. అంతకుముందు నా గొంతు విని నేను ఎన్నడూ అంత భయపడలేదు.

"అన్నా, వాడెవుడో అబద్ధమాడినాడు. ఈడ రాళ్లు లేవు. నేను ఈ ఊరోణ్ణే, చెప్తాండా కదా!"

భూతద్దమాయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు. "లేకుంటే ఇంత గట్టిగా లేదంటావా? ఒరేయ్, ఈ పిల్లోడు దాస్తాండాడు, ఈడనే గట్టిగా చూడండి!"

అంతే, నేను నిలబడిన తావుకే ఇరవై మంది చేరినారు. నోరు తెరిస్తే జనం పెరుగుతాండారు. నోటితో బతికేవాడికి ఇంతకంటే శిక్ష ఏముంది? టవాలు ముఖానికి కప్పుకుని నేను కూడా వాళ్లలో కలిసి వంగి వెతకడం మొదలుపెట్టినా. ఎవరైనా నన్ను గుర్తుపడితే ఎముకలు మిగలవు. గుర్తుపట్టకపోతే మద్దేనానికి చిన్నాయన వస్తాడు. ఏది ముందు జరిగితే మేలో తేల్చుకోలేక సూర్యుడి వైపు చూస్తా, మొలకల వైపు చూస్తా, నిలబెట్టగలిగినవి నిలబెడతా పోతాండా. నా పక్కన ఒక అవ్వ కూర్చుని మట్టి పెళ్లలు చిదుపుతాండె.

"నువ్వు యాడనుంచప్పా?" అనడిగింది.

"ఆదోనవ్వా."

"నేను కలుపు తీసే పని ఇడిసిపెట్టి వచ్చినా. ఈ దినం కూలి పాయె. ఇంటిమీద రేకులు తూట్లు పడినాయి, రాతిరి వానకి మనవరాలు తడిసిపాయె. సిన్న రాయి దొరికినా సాలు నాయనా. పెద్దది వద్దు నాకు."

పెద్దది వద్దంట. అప్పటిదాకా నా వీపు గురించే భయం. అవ్వ పక్కన కూర్చున్నాక ఇంకో రకం భయం మొదలైంది, దానికి వీపుతో పని లేదు. సరిగ్గా అప్పుడే అవతల ఒకాయన గడ్డపార ఎత్తినాడు. ఒక్క పోటుకి నాలుగు మొలకలు వేర్లతో సహా లేచి వెల్లకిలా పడినాయి.

లేచి నిలబడినా. టవాలు తీసేసినా. "ఆ వీడియోలో ఉండేది నేనే!" అని మైకు లేకుండానే అరిచినా. మూడెకరాల్లో వంగిన నడుములన్నీ లేచినాయి. "అది వజ్రం కాదు, కలకండ! ఉండలు అమ్ముడుపోవాలని తమాషాకి చేసినా. ఇదిగో!" జేబులో నుంచి ముక్క తీసినా. దానికి రెండు చీమలు కూడా అంటుకుని ఉన్నాయి, అంతకంటే సాక్ష్యం ఏం కావాల? కానీ ఎండ తగిలి అది మళ్లా ధగధగా మెరిసింది, పాడు ముక్క. భూతద్దమాయన చెయ్యి చాపినాడు. ఆయన వెనకాల పది చేతులు. ఏం చేయాలో తోచక, చీమలతో సహా నోట్లో వేసుకుని కరకరా నమిలి మింగేసినా.

"చూస్తిరా? కలకండే," అన్నా నాలుక చాపి.

"అయ్యో దేవుడా, పిల్లోడు వజ్రం మింగినాడు!" అని అవ్వ గుండెలు బాదుకుంది. "పేగులు కోసుకుపోతాయి, సచ్చిపోతాడు, ఎవరన్నా పట్టుకోండప్పా!"

జనం రెండు పార్టీలైపోయినారు. వాంతి చేయించి నన్ను బతికించాలనే వాళ్లు ఒకవైపు. "వాంతి వద్దు, దాని దోవన అదే వస్తుంది, రేపు పొద్దున దాకా ఈణ్ణి యాడికీ పోనీకండి" అనేవాళ్లు ఇంకోవైపు. రెండో పార్టీ పెద్దది. ఒకాయన తన టిఫినులో నుంచి రెండు అరటిపండ్లు తీసి ఎంతో ప్రేమగా, "తినప్పా, సులువుగా ఉంటుంది," అన్నాడు. నేను భయంతో వెనక్కి అడుగేసినా. అందరూ ముందుకి అడుగేసినారు. ఇంకో అడుగేసినా, వాళ్లూ వేసినారు. అప్పుడు నాకు అర్థమైంది. వజ్రం ఇప్పుడు చేనులో లేదు, నా కడుపులో ఉంది. నేను యాడికి పోతే జనం ఆడికి వస్తారు. వెనక్కి తిరగకుండా, పరిగెత్తకుండా (పరిగెత్తితే పడేసి పట్టుకుంటారు), గట్టు వెంబడి రోడ్డెక్కి పాలకేంద్రం దాకా నడిచినా. చేనంతా ఖాళీ అయి నా వెనకాలే వచ్చింది. అరుగుమీద కూర్చుంటే చుట్టూ కూర్చున్నారు. నేను అరటిపండ్లు తింటాండా, అందరూ నా కడుపు చూస్తాండారు. జీవితంలో అంతమంది నన్ను అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు, అదే చివర.

ఆదోని ఆటో వచ్చింది. చిన్నాయన పలుగు భుజాన పెట్టుకుని దిగినాడు. "చిన్నాయనా!" అని నా నోరు దానంతటదే అరిచేసింది. నా కడుపులో వజ్రం ఉన్నా కరిగిపోయేది ఆ నిమిషంలో.

"ఏమైంది?" అన్నాడు.

"మీ పిల్లోడు వజ్రం మింగినాడన్నా," అన్నాడు భూతద్దమాయన.

చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. "యాడిది?"

"మీ చేనుదే."

"నా చేనుదైతే నాది. పిల్లోడూ నావాడే. ఇంక మీకేం పని?"

ఎవరూ కదల్లేదు. నేను చిన్నాయన చెవి దగ్గరకి పోయి, "కలకండ... చిన్నమ్మ డబ్బా..." అని రెండు మాటలన్నా. నన్ను ఒకసారి చూసినాడు (ఆ చూపు గురించి ఇంతకుముందే చెప్పినా). ఇంటికి పోయి తాళం తీసి డబ్బా తెచ్చి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క పెట్టుకుంటా పోయినాడు, పెండ్లిలో తాంబూలం ఇచ్చినట్టు. ఎండకి అన్నీ అట్లనే మెరిసినాయి. ఒకడు నాలుకకి ఆనించినాడు. ఇంకొకడు కొరికినాడు. అరుగంతా కరకర శబ్దం. గడ్డపారాయన లేచి వచ్చి నా వీపుమీద ఒక్కటిచ్చినాడు. "ఒక దినం కూలి పోగొడితివి కదరా," అన్నాడు. ఆ దెబ్బ నాకు రావాల్సిందే. తలా ఒక మాట అని, ఆటోలెక్కి పోయినారు. అవ్వ మాత్రం తన ముక్క తినలేదు. కొంగున ముడేసుకుంటా, "మనవరాలికి వజ్రమని సెప్తా. నమ్ముతుంది, సిన్నది కదా," అనింది. నేను తల దించుకున్నా. చిన్నాయన ఆ ముడి వైపు చూసి, "అవ్వా, రేపు పనికి వస్తావా? సందులు నింపాల," అన్నాడు. "ఈ దినానిది కూడా కలిపి ఇస్తా."

మర్నాటి నుంచి నాలుగు దినాలు తొక్కుడు పడిన ప్రతి మొలక తావునా పుల్లతో గుంత చేసి ఒక్కో గింజ వేసినాము, ఒక సాలులో అవ్వ, పక్క సాలులో నేను. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సిందంతా అవ్వే అనింది. పొద్దున రాగానే నడుముమీద చెయ్యి పెట్టుకుని, మూడెకరాలూ వినపడేటట్టు, "ఏమప్పా, బయటికొచ్చిందా?" అనడిగేది. చిన్నమ్మకి ఆ మాట నచ్చి, సంతలో జరిగిందంతా చెప్పుకుంది. సంఘం మేడంకి మాత్రం నా వీడియో నచ్చలేదు. "కథ అంటే జరిగింది చెప్పమన్నా, జరగనిది కాదు," అని తల పట్టుకుంది ఆమె. కానీ తర్వాతి సంతలో జనం చిన్నమ్మ బుట్ట దగ్గర ఆగి, "వజ్రం మింగినోడి ఉండలు ఇవేనా?" అని నవ్వుతా కొన్నారు. అదైతే జరిగిన కథే కదా.

ఇప్పుడు నేను ఆదోని చుట్టుపక్కల నలుగురు రైతుల సరుకు అమ్మిపెడతాండాను. డబ్బామీద ఒక్క మాట రాయాలన్నా చెయ్యి ఆగుతుంది, ఎవరో అవ్వ ఇది నమ్మి కూలి మానుకుని వస్తుందేమో అని. భయం ఆలస్యంగా వచ్చినా నా దగ్గరే స్థిరపడిపోయింది. అయినా తొలివాన పడిన మర్నాడు నేను యాడున్నా చిన్నాయన చేనికి పోతాను. సాళ్ల వెంబడి తల వంచుకుని నెమ్మదిగా నడుస్తాను. పోయిన తొలకరికి కూడా అట్లనే నడుస్తాంటే అవతలి గట్టునుంచి చిన్నాయన, "ఏం వెతుకుతాండావు రా?" అని కేకేసినాడు.

"కలుపు మొలిచిందేమో అని చిన్నాయనా!" అన్నా.

"ఊఁ," అన్నాడు. కొంచెం సేపటికి తలెత్తి చూస్తే, ఆయన కూడా పక్క సాలులో తల వంచుకునే వస్తాండాడు.