ముందు వరస కుర్చీలు

మా కార్పొరేటరక్క ఇక లేరు. పోయిన వారం ఒక తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పాల ప్యాకెట్లకని కిందికి దిగిన మావారు ఉత్త చేతులతో పైకొచ్చి, "అక్క పోయారటే" అన్నారు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే మా మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకుంటూ, మబ్బు పట్టినా కబురు చేయలేదని నన్ను కేకలేసి వెళ్లిన మనిషి.

నిజానికి మాజీ కార్పొరేటర్ అనాలి. పదవి పోయి చాలా కాలమైంది. అయినా మియాపూర్‌లో మెట్రో దిగి కార్పొరేటరక్క ఇల్లు అంటే చాలు, ఆటోవాళ్లు మా వీధిలో తెచ్చి దింపేవారు.

ఆవిడకి ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు. గడప మీద కూర్చుని గోంగూర ఒలుస్తూ ఫోను పక్కన పెట్టి స్పీకర్ ఆన్ చేసేవారు. శేరిలింగంపల్లి జోన్ ఆఫీసు నుంచి పెద్ద సారు "మేడమ్, జర టైమ్ ఇవ్వండి" అని బతిమాలుకోవడం వీధి వీధంతా వినేది. పాపం ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో. ఎందుకక్కా అలా అంటే, "నాతోని మాట్లాడేది వార్డు మాట. వార్డు వినాలె గద చెల్లె" అనేవారు.

ఆవిడ పదవిలో ఉండగానే ప్రభుత్వం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న వీధుల్లో ఎక్కువ అంతస్తులు, చిన్న చిన్న ఫ్లాట్లు కట్టనివ్వాలని, దాని మీద ప్రతి వార్డూ తన అభిప్రాయం పంపాలని. మా వీధిలో ఖాళీగా ఉన్నది ఒకటే స్థలం. అది సరిగ్గా అక్క ఇంటికి ఎదురుగా, తూర్పు వైపు ఉంది. అక్కడ బిల్డింగ్ లేస్తే ఆవిడ వాకిట్లోకి ఎండ రాదు. కాబట్టి అందరికంటే ముందు అక్కే వద్దంటారని మేమంతా ధీమాగా ఉన్నాం.

నేనూ వద్దనే పక్షమే. ట్యాంకర్ కోసం కళ్లు కాయలు కాచేలా చూసే వీధికి ఇంకా ఇన్ని కుటుంబాలా అని నా ఏడుపు నాది. ఆ ఏడుపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, మీతో అబద్ధమెందుకు.

మీటింగు మా వీధిలోనే, షామియానా కింద. వెళ్లి చూస్తే ముందు వరసంతా ఖాళీ. మా కాలనీ సంఘం అధ్యక్షుల వారు, రిటైరైన పెద్దాయన, అలవాటుగా వెళ్లి కూర్చోబోయారు.

"సార్, ఆడ కూసోకుండ్రి. అయి వేరేటోళ్లయి."

"ఎవరివండీ?"

"ఇంక రాలె. ఇండ్లు కట్టినంక వస్తరు."

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. అధ్యక్షుల వారు వెనక వరసకి వచ్చి, నిలబడే మాట్లాడారు. "అప్పులు చేసి ఇళ్లు కట్టుకున్నది ఇందుకా అండీ? ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి పడతారు. రేపు పక్కింట్లో మనిషి పోయినా ఎవరికీ పట్టదు." అందరం చప్పట్లు కొట్టాం.

అప్పుడు అక్క లేచారు. "మీరందరు మీ మాట చెప్పిండ్రు, మంచిగున్నది. వాళ్ల మాట చెప్పెటోళ్లు ఈడ లేరు. ఓటు గూడ లేదు. మీ ఓట్లతోనే గెలిచిన, నాకు యాదికున్నది. గని మన ఆఫీసులు ఊడ్చెటోళ్లు, మన గేట్ల కాడ నిలవడెటోళ్లు బాచుపల్లి అవతల కెల్లి బస్సులు మారి వస్తుండ్రు. వాళ్లు ఈడ ఉంటమంటె మనకేం పరేషాన్?"

"మీ ఇంటికి ఎండ రాదండీ. అది చూసుకున్నారా?" అన్నారు అధ్యక్షుల వారు.

"చూసిన సార్. మొదలు అదే చూసిన."

అంతే, కూర్చున్నారు. ఓటు లేని వాళ్ల కోసం, ఓటేసిన వాళ్ల ఎదుట, తన వాకిలి ఎండ తనే వదులుకుని నిలబడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

వార్డు తరఫున ఆవిడ కట్టనివ్వాలనే రాసి పంపారు. కాకపోతే పునాది తవ్వకముందే వీధికి పెద్ద డ్రైనేజీ పైపు వేయాలన్నారు. వేసేదాకా జోన్ సారు గొంతు మా వీధిలో రోజూ వినిపించింది. పైపు వచ్చింది, బిల్డింగూ లేచింది. ఎన్నికలొచ్చాయి, అక్క ఓడిపోయారు. ఫలితం వచ్చిన మర్నాడు చేటనిండా మిరపకాయలతో మా గుమ్మం ముందు నిలబడ్డారు. "నీ మేడ మీద ఎండ మస్తుంటదట గద చెల్లె?"

మా వీధి మీద కోపం రాలేదా అక్కా అన్నాను. "ఇల్లు దొరికినంక తలుపు మూసుకునుడు అందరికి వస్తది. భయపడ్డరు, గంతే" అని చకచకా మేడెక్కేశారు.

అక్క పోయిన పొద్దున ఆవిడని వాకిట్లో పడుకోబెట్టారు. మా ఇళ్లలో అప్పటికే కాఫీలు అయిపోయాయి. అధ్యక్షుల వారూ నేనూ వీధిలో నిలబడి ఉన్నాం. పనిరోజే. రోజూ ఆ వేళకి ఎదురు బిల్డింగ్‌లో కింది నుంచి పై దాకా కుక్కర్లు కూస్తుంటాయి. ఆ రోజు ఒక్క కూత లేదు. ఇంకా నిద్ర లేవలేదేమో అనుకున్నాను. ఇంతలో మొదటి అంతస్తులో ఉండే అమ్మాయి, హైటెక్ సిటీలో హౌస్ కీపింగ్ పని చేస్తుంది, పాపని చంకనేసుకుని వచ్చి మా పక్కనున్న కొట్లో బన్ను కొంది.

"వంట కాలేదా అమ్మా?" అన్నాను.

"మా దిక్కు వాడకట్టుల మనిషి పోతె, తీస్కపొయ్యేదాంక ఎవ్వరం పొయ్యి ముట్టియ్యమమ్మా."

"ఎవ్వరూనా?"

"పైదాంక. ఎవ్వరం ముట్టియ్యలె."

అధ్యక్షుల వారు తలెత్తి చూశారు. నేనూ చూశాను. ప్రతి వంటింటి కిటికీలో ఎవరో ఒకరు నిలబడి అక్క వాకిలి వైపు చూస్తున్నారు. అక్కని తీసుకెళ్లిన బండి మలుపు తిరిగేదాకా ఏ అంతస్తులోనూ పొయ్యి వెలగలేదు.