మహేంద్రమంగళంలో టీకా తేదీ పెట్టిన తల్లులు

1987 ఆగస్టు 18, మంగళవారం, ఉదయం 5.40 గంటలకు కుప్పంలో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఆరోగ్య కార్యకర్తగా నేను మా ఊళ్ళో ఏర్పాటు చేసిన మొదటి టీకాల శిబిరానికి ముగ్గురు తల్లులే వచ్చారు. రానివారిలో మా వదిన కూడా ఉంది. మరోసారి ఇలా జరిగితే శిబిరాన్ని వేరే ఊరికి మారుస్తామని అధికారి చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. తేదీ నేనే నిర్ణయించి, నేనే కాగితం మీద రాసి గోడకు అంటించాను. తమిళనాడులో పాలక్కోడు దగ్గర, తెలుగు మాట్లాడేవాళ్ళున్న మహేంద్రమంగళంలో టీకాకు తల్లులందరూ వస్తారని విని, అక్కడి పద్ధతి చూడటానికి బయలుదేరాను.

కృష్ణగిరిలో బస్సు మారి తొమ్మిదింటికి ధర్మపురి చేరాను. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ, కాఫీ బాగుంటాయి. సాంబారు అడగకుండానే మళ్ళీ పోస్తారు. పదింపావుకు ఊరి బస్సు. పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలోని టీకా కార్డులు చూశాడు. అక్కడ సూదిని 'ఊసి' అంటారు.

"ఊసి వేసేవాళ్ళా మీరు? మా మనవడికి వేసినారు. మర్నాడంతా జరం. మా కోడలు నన్ను తిట్టింది, నేనేదో వేసినట్ల."

పదకొండు ముప్పావుకు దిగాను. అక్కడి నర్సు సరోజగారు నన్ను ఆరోగ్య కేంద్రానికి కాక నేరుగా వేరుశనగ చేనికి తీసుకువెళ్ళారు. కలుపు తీసే స్త్రీలు గట్టున కూర్చుని సంగటి తింటున్నారు. వారి సభాస్థలం అదే; ప్రతిసారీ టీకా తేదీ అక్కడే మాట్లాడుకుంటారు.

"బుధవారం ఊసి వేస్తే గురువారం బిడ్డకు జరం," అంది మునియమ్మ అనే చంటిబిడ్డ తల్లి. "నేను రాకుంటే నా పని ఇంకొకతికి పోతాది. నువ్వొచ్చి కలుపు పీకుతావా నర్సమ్మా?"

"నేను పీకితే చెట్లే పోతాయి, కలుపు నిలుస్తాది," అన్నారు నర్సుగారు. అందరూ నవ్వారు. "మరి ఏ దినం వేద్దాము?"

"సోమవారం అమావాసి. ఆ పొద్దు ఎవురూ చేన్లోకి దిగరు. ముందునాడు సాయంకాలం వేసెయ్. జరమొచ్చినా పక్కనే ఉంటాము."

"ఆదివారం నాకు లీవు గదా, మునియమ్మా."

"నీకు వారానికొక లీవు. మాకు నెలకొక అమావాసి."

నర్సుగారు "సరే. నాలుగింటికి ఐసు పెట్టెతో వస్తాను," అన్నారు.

తిరిగి వస్తూ, జ్వరం సంగతి ముందే చెబితే తల్లులు భయపడరా అని అడిగాను.

"చెప్పకుంటే రెండోసారి రారు సార్," అన్నారు ఆమె.

మధ్యాహ్నం 3.20 బస్సులో తిరుగు ప్రయాణమయ్యాను. తన సెలవును వదులుకున్న ఆ నర్సు మీద, అడిగి సాధించిన ఆ తల్లుల మీద దారి పొడవునా గౌరవం పెరిగింది. నా శిబిరానికి మా వదిన ఎందుకు రాలేదో ఆమెను ఒక్కమాట కూడా అడగలేదని బస్సులోనే గుర్తుకు వచ్చింది.

మర్నాడు అడిగాను. మాది ఇంటింటా పట్టుపురుగులు పెంచే ఊరు; పురుగులు మేత మాని నిద్రపోయే రోజున తప్ప తల్లులకు తీరిక లేదు. దానికి ముందురోజు సాయంత్రం శిబిరం పెట్టించాను. బిడ్డతో మొదట వచ్చింది మా వదినే. ఆ తరువాత మా ఊళ్ళో టీకా తేదీని తల్లులే నిర్ణయిస్తున్నారు.